కిరాయి తల్లిగారిల్లు

నా బిడ్డను మొదటిసారి నా చేతుల్లో పెట్టినప్పుడు దవాఖానలో నర్సమ్మ అడిగిన మాట ఇది: "ఏమయ్యా, పోరిని ఎత్తుకున్నవా, రిమోట్ పట్టుకున్నవా?"

చూసుకుంటే నిజమే. రెండు చేతులూ చెరో పక్కన, బొటనవేళ్లు రెండూ పైకి లేచి, ఎక్కడ నొక్కుదామా అని ఎదురుచూస్తున్నాయి. అందులో నా తప్పు లేదు. తొమ్మిదో తరగతిలో నేను బడిని, బడి నన్ను ఒకేసారి వదిలించుకున్నాక నా చేతులకు అబ్బిన చదువు అదొక్కటే. సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో రెండు టీవీలు పెట్టుకొని వీడియో గేమ్ దుకాణం నడిపేవాణ్ణి. ఊళ్లోని పిల్లలందరికీ నేను సారును. వాళ్ల తల్లిదండ్రులకు మాత్రం పిల్లల్ని చెడగొట్టేవాణ్ణి.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న నా భార్యకు రెండో కాన్పు అయింది. ఈసారి పిల్లాణ్ణి సరిగ్గానే ఎత్తుకున్నాను. ఇంటికొచ్చాక బాలింత కారానికి వెల్లుల్లి వొలుస్తూ పొయ్యి ముందు కూర్చున్నాను. నాలుగు పాయలు వొలిచేసరికి ఆ ఘాటుకు మా మామ వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

మామ అంటే నా భార్య తండ్రి. కోహెడ పక్కన పత్తి చేను, ఒక బర్రె, ఒక్కతే బిడ్డ. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే అత్త పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వంట నేర్చుకున్నాడు. ఆయన చరిత్ర అంతే. నేను చెప్పాలనుకున్నది ఆయన తీరు.

ఆయన భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాల ఉండేది. చుట్టంగా వస్తే అది తలకు చుట్టేవాడు, వంటకు కూర్చుంటే నడుముకు. తువ్వాల ఎక్కడుందో చూస్తే మనిషి ఏ పని మీదున్నాడో తెలిసిపోయేది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసేవాడు కాదు. గిన్నె మూత మీద వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఎవరు ఎదురైనా మొదటి మాట "తిన్నవా?" తిన్నానంటే సరిపోదు. "ఏం కూర?" అని రెండో ప్రశ్న వచ్చేది. ఆ జవాబు వచ్చేదాకా మనిషిని కదలనిచ్చేవాడు కాదు. ఒకసారి బస్సులో టికెట్టు అడిగిన కండక్టరును కూడా ఏం కూర అని అడిగాడు. ఆయన "బెండకాయ" అని చెప్పాకే మామ చేయి జేబులోకి పోయింది.

ఇంకో గుణం ఉంది, అది నా ప్రాణానికి వచ్చింది. నేను జోకేస్తే ఆయన నవ్వేవాడు కాదు. జవాబు కూడా ఇచ్చేవాడు కాదు. అర్థం కాలేదేమో అనుకునేవాణ్ణి. మరునాడు, నేను ఆ సంగతే మరచిపోయాక, ఎక్కడి నుంచో వచ్చి జవాబు తగిలేది. పెళ్లయిన కొత్తలో, "మామా, గింత తిండి పెడితే మళ్ల సిద్దిపేటకు మమ్ముల ఎడ్లబండిల తోలాలె, బస్సు మొయ్యది" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. తెల్లవారి బస్సెక్కించి, బస్సు కదిలాక కిటికీ పక్కన నడుస్తూ, "అల్లుడా, ఎడ్లను అడిగిన. గిసొంటి బరువు మేం గుంజమన్నయి" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేను తప్ప.

సరే, కాన్పు దగ్గరికి వస్తాను.

మా వైపు తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. అది పిల్ల హక్కు, పుట్టింటివాళ్ల పరువు. కానీ నా భార్యకు ఆ ఇంట్లో తల్లి లేదు. కాన్పు సిద్దిపేట దవాఖానలోనే అయింది. బాలింత నీరసంగా ఉంది, తల్లీబిడ్డలను దూరం తీసుకుపోవద్దు, మళ్లీ మళ్లీ చూపించాలి అని డాక్టరమ్మ చెప్పింది. మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, అదే కావాలి.

"అన్నా, మా ఇంట్లనే ఉంచుదం. ఆడదిక్కు లేని ఇంట్ల బాలింతను ఎవ్వరు సూస్తరు?" అంది మామతో.

మామ లేచాడు. తువ్వాల తలకు చుట్టుకొని బయటికి పోయాడు. అర్థమైంది కదా, జవాబు మరునాడు.

మరునాడు దవాఖాన నుంచి రిక్షా మా గల్లీకి వచ్చింది. ఎడమ పక్క మా ఇల్లు. అవ్వ ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. కుడి పక్కన, మోరీ కాలువ అవతల, కొన్నాళ్లుగా ఖాళీగా ఉన్న ఒంటిగది. దాని గుమ్మానికి మామిడాకులు. లోపల నులక మంచం, కొత్త చాప, పొయ్యి, కోహెడ నుంచి తెచ్చిన గిన్నెలు. గుమ్మంలో ఎర్రనీళ్ల పళ్లెంతో మామ.

గల్లీలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"గిదేందన్నా?" అంది అవ్వ.

"నా బిడ్డ తల్లిగారిల్లు, చెల్లె. కిరాయిదే, గని తల్లిగారిల్లే."

రిక్షా కుడి పక్కకు తిరిగింది. మామ దిష్టి తీశాడు. చేయి ఎటు తిప్పాలో తెలియక అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు తిప్పాడు. నా భార్య గుమ్మం దాటుతూ తండ్రి భుజం మీద చేయి వేసింది, కాసేపు తీయలేదు.

ఇంత మంచి సందర్భం దొరికితే నేను ఊరుకుంటానా? "మామా, శానా బాగుంది. గని నెల కాంగనె ఖాళీ చేస్తవ్. రేపు నా మీద అలిగితే నీ బిడ్డ యాడికి పోవాలె?" అన్నాను.

ఆయన నన్నోసారి చూసి, తువ్వాల నడుముకు చుట్టుకొని పొయ్యి దగ్గరికి పోయాడు. మరునాడు ఎదురుచూశాను. జవాబు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. అన్నిటికీ జవాబిచ్చిన మనిషి దీనికి ఇవ్వలేకపోయాడంటే ఈసారి నేనే గెలిచాననుకున్నాను.

పొద్దున పూట ఒక ముసలమ్మ వచ్చి తల్లీబిడ్డలకు నీళ్లు పోసేది. అప్పుడు మగవాళ్లు ఉండకూడదు. మామను ఆయన పెట్టిన తల్లిగారింట్లో నుంచే బయటికి పంపేవాళ్లు. ఆయన తువ్వాల తలకు చుట్టుకొని నా దుకాణానికి వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. బడి సెలవులు కావడంతో దుకాణం పిల్లలతో కిటకిటలాడేది. లోపలికి వచ్చిన ప్రతివాణ్ణీ "ఏం కూర తిన్నవ్ రా?" అని అడిగేవాడు. ఎవడైనా ఆటలో ఓడిపోతే, "సూసినవా, వీడు పొద్దుగాల ఉత్త చాయ తాగొచ్చిండు" అని కారణం చెప్పేవాడు.

ఒకరోజు ట్యాంకుల ఆట నడుస్తోంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. టీవీలో కింద నడుమ ఇటుకలతో కట్టిన చిన్న గూడు, అందులో ఒక పిట్ట. పై నుంచి శత్రువుల ట్యాంకులు గోడలు పగలగొట్టుకుంటూ వస్తాయి. పిట్టకు గుండు తగిలితే ఆట ఖతం. మామ చాలాసేపు కళ్లు చికిలించి చూశాడు.

"గా గూట్లె ఉన్నదేంది, అల్లుడా?"

"పిట్ట, మామా."

"దానికి ఎవ్వరు లేరా?"

"ఉన్నరు. గీ పసుపుపచ్చ ట్యాంకు మనదే. పిట్టను మనమే కాపాడాలె."

"గట్లయితే ఇటియ్యి."

రిమోట్‌ను తువ్వాల అంచుతో పట్టుకున్నాడు, పొయ్యి మీది గిన్నెను దించేటట్టు. ట్యాంకును మెల్లగా నడిపించుకొచ్చి గూటి ముందు నిలబెట్టాడు. అంతే. ఇక కదల్లేదు. ఎదురుగా వచ్చినదాన్ని కొట్టేవాడు, రానిదాని జోలికి పోయేవాడు కాదు. వెనక పిల్లలు గోల. ఆటగాణ్ణి కదా, నాకూ ఆగలేదు.

"మామా, ఉరుకు! మీదికి పోయి అన్నింటిని కొట్టాలె. గాడనే నిలబడితే ఆట ఒడువది, ఎన్నటికి అయిపోదు."

ఆయన చూపు పిట్ట మీదే. కాసేపటికి ఒక ట్యాంకు పక్కదారిన వచ్చి గూటిని పేల్చింది. ఆయన "అయ్యో" అని లేచి, తువ్వాలతో టీవీ అద్దం తుడిచాడు, పిట్ట మీద దుమ్ము పడ్డట్టు.

జవాబు మరునాడు వచ్చింది. నేను షట్టర్ లేపుతున్నాను. వెనక నుంచి, "ఆట ఒడువది అన్నవ్ గద. ఒడువకుంటె ఏమాయె? పిట్టయితే ఉంటది."

ఆయన ఆట ఆయన ఆడుతున్నాడు గానీ, ఇక్కడ గదిలో పని చెడుతోంది.

మామకు వంట వచ్చు. బాలింత వంట రాదు. సొంత భార్య కాన్పు ఆమె తల్లిగారింట్లో జరిగింది. ఆ కారం ఎట్లా దంచుతారో ఆయన చూడలేదు. సిద్దిపేటకు వచ్చే ముందు ఊళ్లో తెలిసిన ఆడవాళ్లందరినీ అడిగాడట. ఒకామె మిరియాలంది. ఒకామె శొంఠి. ఒకామె వాము లేకుంటే వ్యర్థమంది. ఒకామె పిప్పళ్లు, ఇంకొకామె ఇంగువ. వీళ్లల్లో ఎవరి మాట తీసేస్తే ఎవరికి కోపమొస్తుందో, ఎవరి మాట వినకపోతే బిడ్డకు ఏం లోటు వస్తుందో అని, ఆయన అన్నీ వేశాడు. అందరి మాటలూ ఒకే రోట్లో దంచాడు. ఆ కారం రుచి చూద్దామని ఒక్క ముద్ద తిన్నాను. నా చెవుల్లో నుంచి ఈల వినిపించింది.

నా భార్య తండ్రి మనసు నొప్పించలేక ముద్ద నోట్లో పెట్టుకునేది, దిగేది కాదు. "ఆకలైతలేదు బాపు" అనేది. మిగిలిన అన్నం మామ తినేవాడు. కళ్లల్లో నీళ్లు కారుతుంటే తుడుచుకుంటూ, "బాగనే ఉన్నది గద" అని తనకు తానే చెప్పుకునేవాడు. తల్లి తినకపోతే బిడ్డకు పాలెక్కడివి? నా బిడ్డ ఏడుపు మోరీ దాటి, మా ఇల్లు దాటి, దుకాణంలో టీవీల చప్పుడును కూడా దాటేది.

ఒక మధ్యాహ్నం మా అవ్వ ఇక ఆగలేకపోయింది. కోడల్ని చాపతో సహా చుట్టుకుపోదామన్నంత వేగంగా మోరీ దాటింది. వెనకే నేను. అవ్వ గదిలోకి పోయి, గిన్నెలో కారం చూసి, వేలితో నాలుక మీద పెట్టుకుంది.

"అన్నా! గిది బాలింతకా, బర్రెకా?"

మామ తల దించుకున్నాడు.

"పంతానికి గాదు చెప్పేది. పోరి ఎండిపోతున్నది, పసిదానికి పాలు సాలుతలెవ్వు. ఇంగ నేను ఇననన్నా. తోల్కపోత నా ఇంటికి. లే, కోడలా."

నా భార్య లేవలేదు. తండ్రిని చూసింది. ఆ చూపులో ఆమెకు ఏది కావాలో ఉంది. తల్లిని ఎరగని పిల్ల. ఊళ్లో తన ఈడు ఆడపిల్లలందరూ కాన్పుకు తల్లిగారింటికి వస్తుంటే చూస్తూ పెరిగింది. తన వంతు వచ్చింది, కిరాయిదే కావచ్చు. అది సగంలో తెగిపోతే అత్తగారింట్లో అన్నానికి లోటుండదు. కానీ జీవితాంతం ఒక మాట ఉండిపోతుంది: తండ్రికి చేతకాలేదు, అత్త తీసుకుపోయింది.

మామ లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు అడ్డం పెట్టలేదు. ఊరికే నిలబడ్డాడు. దుకాణంలో గూటి ముందు ఆ పసుపుపచ్చ ట్యాంకు నిలబడ్డట్టే. ఇక రేపటిదాకా జవాబు రాదని నాకు తెలుసు, రేపటికి అంతా అయిపోతుంది. నాకే నోరు తెరవాలనిపించింది. జోకు కూడా తట్టలేదు.

ఆయన వెంటనే జవాబివ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"చెల్లె, నాకు చెయ్యరాదు. నిజమే. నీకొస్తది. గని నా బిడ్డను నీ ఇంటికి తోల్కపోకు. నువ్వే ఈడికి రా."

"నేనెందుకొస్త? నేను అత్తను."

"నన్ను అన్నా అంటవ్ గద. అన్న ఇల్లంటె ఏంది? నీకు గూడ తల్లిగారిల్లే. తల్లిగారింటికొచ్చి పీటేసుకొని కూసో. ఏం ఎయ్యాల్నో చెప్పు. నేను వండుత."

మా అవ్వ సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమెకు అమ్మానాన్నలు పోయారు, తోడబుట్టినవాళ్లు లేరు. బతుకమ్మ పండుగకు గల్లీలోని ఆడవాళ్లంతా సంచులు సర్దుకొని తల్లిగారిండ్లకు బయల్దేరితే, మా అవ్వ అటక మీది ఇత్తడి సామానంతా దించి తోమేది. తోమినవే మళ్లీ తోమేది. ఆ చప్పుడు ఎందుకో నాకు చిన్నప్పుడు తెలియదు, పెద్దయ్యాక అడగలేదు.

అవ్వ మా వైపు వీపు తిప్పింది. చెంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత నా మీద విరుచుకుపడింది, అది ఆమె అలవాటు. "సూసుకుంట నిలబడ్డవేంరా, పోరడా? పీటెయ్యి."

పీట వేశాను. ఆమె కూర్చుంది. అన్నింట్లో సగం తీసి పక్కన పెట్టించింది. ఉంచినవి మిరియాలు, వెల్లుల్లి, ఎండుకొబ్బరి, కాసింత శొంఠి, జీలకర్ర. మామ వేయిస్తుంటే, "ఇంక ఏగాలె... ఏగాలె... సాలు, దించు!" అని గదమాయించింది. ఆయన చిన్నపిల్లాడిలా దించాడు. వేడి అన్నంలో నెయ్యి వేసి ఆ కారం కలిపి పెడితే నా భార్య మొదటి ముద్ద మింగి, చేయి ఆపకుండా తిన్నది. మామ ఆమెను చూడలేదు, గోడ చూశాడు. గోడ తడిగా కనబడి ఉంటుంది.

మరునాడు నేను గదిలోకి పోయేసరికి అవ్వ అప్పటికే పీట మీద ఉంది. మామ కారం దంచుతూ అంటున్నాడు: "నిన్న బర్రెకా అన్నవ్ గద, చెల్లె. మా బర్రె గసొంటిదే తిని చెంబెడు పాలు ఎక్కువిచ్చింది."

అవ్వ ఎంత నవ్విందంటే పసిది ఉలిక్కిపడి లేచింది.

ఆ రోజే నాకూ పని పడింది. "అల్లుడా, ఇటు రా. రిమోట్ నొక్కే బొటనవేలు ఎల్లిపాయ వొలుస్తదా, సూద్దాం" అన్నాడు మామ. నేను ఆడంగి పని అనబోయి, ఆయన నడుముకున్న తువ్వాల చూసి ఆగిపోయాను. కూర్చున్నాను. గల్లీలో పోయేవాళ్లు తలుపులోంచి తొంగి చూసేవాళ్లు. దోస్తులు దుకాణానికి వచ్చి నా వేళ్లు వాసన చూసి వెక్కిరించేవాళ్లు. మొదట వొలవడం, తర్వాత దంచడం, ఆ తర్వాత పోపు. ఒకరోజు మామ మూత మీద కొట్టి, "ఇను" అన్నాడు. చెవి పెట్టి విన్నాను. నిజంగానే ఉడికిన అన్నం చప్పుడు వేరుగా ఉంటుంది. బుగబుగలు ఆగి లోపల ఎవరో మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. పక్కన తొట్టెలో పడుకున్న నా బిడ్డది కూడా అదే చప్పుడు. ఆ రోజు నాకు నా మీద కలిగిన గర్వం, ఎంత పెద్ద ఆట గెలిచినా కలగలేదు. ట్యాంకుల ఆటలో నేను ఆఖరి దాకా పోయినవాణ్ణి, తెలుసుకొని చెబుతున్నాను.

పసిదాన్ని తొట్టెలో వేసే వేడుక నాడు ఆ ఒంటిగది ముందు పందిరి వేసి భోజనాలు పెట్టారు. వంట మామది, అజమాయిషీ అవ్వది, వెల్లుల్లి నాది. వచ్చిన ఆడవాళ్లు తిని, "ఎవ్వరు చేసిన్రు?" అని అడిగితే మా అవ్వ, "మా అన్న" అని గల్లీ చివరి దాకా వినిపించేలా చెప్పింది. మామ రెండు గొల్లభామ నేతచీరలు తెచ్చాడు. ఒకటి తన బిడ్డకు. ఇంకొకటి రైక ముక్కతో సహా మా అవ్వ చేతిలో పెట్టి, "తల్లిగారింట్ల నుంచి ఉత్త చేతుల పోతరా, చెల్లె?" అన్నాడు. అవ్వ ఆ చీర పట్టుకొని మోరీ ఇవతలికి వస్తుంటే, ఏ దూరపు ఊరి నుంచో బస్సు దిగి వస్తున్నట్టు నడిచింది.

ఆ ఏడు బతుకమ్మకు మా ఇంట్లో ఇత్తడి తోమలేదు. సంచి సర్దుకొని, కోడలినీ మనవరాలినీ వెంటబెట్టుకొని అవ్వ కోహెడ బస్సెక్కింది. తర్వాత ప్రతి ఏడూ ఎక్కింది.

మామ పోయిన కబురు తెచ్చిన మనిషిని నేను మొదట అడిగిన మాట, "రాత్రి ఏం కూర తిన్నడు?" ఆయన నన్ను వింతగా చూసి, "చిక్కుడుకాయ. కడుపు నిండ తిని పడుకున్నడు, లేవలే" అన్నాడు. ఏడుపుతో పాటు కొంచెం నెమ్మది కూడా వచ్చింది.

ఇప్పుడు నా దుకాణంలో పాత ఆటలు ఎవరూ ఆడటం లేదు. రిమోట్‌లు అటక మీదున్నాయి. నా బొటనవేళ్లు మాత్రం ఖాళీగా లేవు. ఈ కాన్పుకు వంట నాది. అవ్వకు మోకాళ్లు పట్టేశాయి, పీట మీద నుంచే "ఏగాలె" అంటుంది. నా పెద్దది పక్కన కూర్చొని మూత మీద కొట్టి వింటుంది. నాకు తెలిసి మా గల్లీలో బాలింతకు కారం దంచిన మగవాళ్లం ఇద్దరమే. మొదటివాడికి అల్లుణ్ణని నేను ఎవరూ అడగకపోయినా చెప్పుకుంటాను.

నిన్న మధ్యాహ్నం వేడి అన్నంలో నెయ్యి, కారం కలిపి పళ్లెం తెచ్చి నా భార్య ముందు పెట్టాను. ఆమె కళ్లు పళ్లెం మీద ఆగిపోయాయి. ఎవరు గుర్తొచ్చారో తెలుసు. నవ్విద్దామని పాత జోకు తీశాను.

"గప్పుడు మీ బాపును ఒకటడిగిన, యాదికున్నదా? జవాబియ్యలే పెద్దమనిషి. ఇప్పుడు కిరాయి తల్లిగారిల్లు గూడ లేకపాయె. నా మీద అలిగితే యాడికి పోతవే?"

ఆమె ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకుంది, నెమ్మదిగా నమిలి మింగింది.

"నీకియ్యలే. నాకు తెల్లారే చెప్పిండు: 'ఆనికి వంట నేర్పుత బిడ్డా, నీ తల్లిగారిల్లు నీ ఇంట్లనే ఉంటది. అలిగితే నువ్వెందుకు పోతవ్, ఆణ్ణే పొమ్మను' అని."